మళ్లీ చేయమన్న నంబర్లు

మా ఇంట్లో ఒక ప్రశ్న నిషేధం. "ఓటు ఎవరికేశావు?" అని ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎలక్షన్లు వస్తే చాలు ఆయనకి డ్యూటీ పడేది. మొదట్లో పోలింగ్ ఆఫీసరుగా, సర్వీసు పెరిగాక ప్రిసైడింగ్ ఆఫీసరుగా. ముందు రోజు సామానంతా లెక్క చూసుకుని తీసుకుని, ఏ మారుమూల ఊరికో బస్సులో వెళ్లి, ఆ రాత్రి అక్కడి బడిలోనే పడుకునేవారు. తిరిగొచ్చాక అమ్మ ఎంత అడిగినా ఆ ఊళ్లో గాలి ఎటు వీస్తోందో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. అమ్మ ఎవరికేసిందో కూడా ఆయనకి తెలీదు. అడగలేదు.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను 2007 చలికాలంలో, ముక్కూ మొహం తెలియని వాళ్లకి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగే పనిలో చేరాను.

అమెరికాలోని మాసాచుసెట్స్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను అప్పుడు. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్‌లో, సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలే పని చేయొచ్చు, సెలవుల్లో 40 దాకా చేయొచ్చు. లైబ్రరీలో, మెస్‌లో ఉద్యోగాలన్నీ సీనియర్లు పట్టేశారు. మిగిలింది సర్వే సెంటర్. కిటికీలు లేని గది, వరసగా చిన్న చిన్న గూళ్లు, గూటికో కంప్యూటరు, చెవులకి హెడ్‌సెట్. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా షిఫ్ట్. పక్కనే ఉన్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 2008 జనవరి 8న ప్రెసిడెంట్ ఎన్నికల ప్రైమరీ. మా ఫోన్లన్నీ అక్కడికే.

ప్రైమరీ అంటే ఏమిటో నాన్నకి చెప్పడానికి మూడు కాలింగ్ కార్డులు అయిపోయాయి. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికనేది పైవాళ్లు తేలుస్తారు. బి-ఫారం చేతికొచ్చే దాకా ఆశావహులు పార్టీ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటారు. ఇక్కడ ఆ టికెట్ ఎవరికివ్వాలో మామూలు ఓటర్లు బూత్‌కి వెళ్లి ఓటేసి చెబుతారు. రాష్ట్రాన్ని బట్టి వేర్వేరు తేదీల్లో. 1920 నుంచీ అన్నిటికన్నా ముందు ప్రైమరీ న్యూ హాంప్‌షైర్‌దే. అప్పటికి 13 లక్షల జనాభా ఉన్న చిన్న రాష్ట్రం అది. అప్పట్లో దానికి ముందు అయోవా రాష్ట్రంలో కాకస్, అంటే పార్టీ ఓటర్లు ఒకచోట చేరి ఎవరు కావాలో చెప్పే సభలు, జరిగేవి. "అంటే టికెట్ ఇచ్చేది జనమేనా?" అని నాన్న మూడుసార్లు అడిగారు. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో గొంతులోనే తెలిసింది.

ఆ నచ్చడం నాకూ పట్టుకుంది. ఓటు లేని దాన్ని, ఆ దేశంలో అప్పటికి ఏడాదిన్నర కూడా నిండని దాన్ని. అయినా ఆ గూట్లో కూర్చుని ఒక్కో ఇంటి తలుపు తడుతున్నట్టు ఫోన్ చేస్తుంటే, నాన్న పనిలో కొంచెం నేనూ చేస్తున్నట్టు ఉండేది.

కంప్యూటరు తనంతట తనే ఏదో ఒక నంబరు ఇస్తుంది. ఎవరో ఒకరు ఎత్తగానే వాళ్లతోనే మాట్లాడేయకూడదు. "మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో ఈమధ్యనే పుట్టినరోజు జరుపుకున్నది ఎవరు? వాళ్లతో మాట్లాడాలి" అని అడగాలి. ఫోన్ దగ్గర ఎప్పుడూ ఉండే మనిషి మాటే లెక్కలోకి రాకుండా ఈ ఏర్పాటు. ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఎప్పుడుంటారో కనుక్కుని, స్క్రీన్ మీద "మళ్లీ చేయాలి" అని గుర్తు పెట్టాలి. ఎత్తకపోతే ఇంకో పూట, ఇంకో రోజు చేయాలి. ప్రశ్న స్క్రీన్ మీద ఎలా ఉంటే అలాగే చదవాలి, ఒక్క పదం మార్చకూడదు. జవాబు విని "మంచిది" అన్నా తప్పే. సూపర్‌వైజర్ లైన్లో వింటూ ఉంటాడు. అభ్యర్థుల పేర్లు ఒక్కో ఫోన్‌కి ఒక్కో వరసలో వస్తాయి, మొదట విన్న పేరుకి లాభం కలగకుండా.

మొదటి వారం చాలా కష్టమైంది. పేరు చెప్పేలోపే పెట్టేసేవాళ్లు. అది నా యాస వల్లేనని కుమిలిపోయాను. నెమ్మదిగా అర్థమైంది. ఆ రాష్ట్రం వాళ్లకి అభ్యర్థుల మనుషుల నుంచి, రికార్డు చేసిన గొంతుల నుంచి రోజంతా ఫోన్లే. నవంబరులోనయితే సర్వే పేరుతో ఫోన్ చేసి, రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ మతం గురించి విషం నూరిపోసిన ఉదంతం బయటపడి, రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణకి దిగాల్సి వచ్చింది. ప్రశ్న ముసుగులో బురద చల్లడం ఇది. దీనికన్నా నీచమైన పని ఈ రంగంలో ఇంకోటి లేదు. వాళ్లు పాడుచేసిన నమ్మకాన్ని ఆ గదిలో కూర్చున్న మేం ఒక్కో ఫోన్‌తో బతిమాలి తెచ్చుకోవాల్సి వచ్చింది.

"ఇండియా కాల్ సెంటర్ నుంచా?" అని అడిగేవాళ్లు కొందరు. "కాదండీ, పక్క రాష్ట్రంలో చదువుకుంటున్నాను" అంటే గొంతు మెత్తబడేది. ఒక పెద్దావిడ నా పేరు పలకడం నేర్చుకునేదాకా మొదటి ప్రశ్నకి జవాబివ్వలేదు. నాలుగుసార్లు పలికించాను.

న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో చిక్కు. నూటికి నలభై మందికి పైగా ఏ పార్టీలోనూ నమోదు కాని వాళ్లు. పోలింగ్ రోజున బూత్‌కి వెళ్లి డెమోక్రాట్ల బ్యాలెట్ అడగొచ్చు, రిపబ్లికన్లది అడగొచ్చు. అందుకే మా మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఏ ప్రైమరీలో ఓటేస్తారని. డెమోక్రాట్ ఒబామానా రిపబ్లికన్ మెకెయినా అని ఊగేవాళ్లు ఎంతోమంది. పార్టీలు వేరు కదా, ఇదేమిటని మొదట్లో నివ్వెరపోయాను.

జనవరి 3, గురువారం అయోవాలో ఒబామా గెలిచారు. హిల్లరీ క్లింటన్ మూడో స్థానానికి పడిపోయారు. ఆ రాత్రే మరో ఇద్దరు డెమోక్రాట్లు, బైడెన్, డాడ్ పోటీ నుంచి తప్పుకున్నారు. శుక్రవారం షిఫ్ట్‌కి వచ్చేసరికి వాళ్ల పేర్లు మా స్క్రీన్ మీద లేవు. మిగిలింది నాలుగు రోజులు. ఆ శుక్రవారం ఫోన్ ఎత్తిన వాళ్ల గొంతుల్లో ఉత్సాహం ఇప్పటికీ గుర్తుంది. ఒబామా పేరు రాగానే మాట అడ్డుకుని "ఆయనకే, ఆయనకే" అన్నవాళ్లున్నారు. నల్లజాతి వాళ్లు నూటికి ఒకరిద్దరు మాత్రమే ఉన్న రాష్ట్రం అది. గూట్లో కూర్చుని నాకు ఒళ్లు పులకరించింది. కానీ మొహంలో కూడా కనపడకూడదు, గొంతులో వినపడుతుంది కాబట్టి.

"ఇంకా తేల్చుకోలేదు" అని ఎవరైనా అంటే వదలకూడదు. రెండో ప్రశ్న ఉంటుంది. ఈ రోజే ఎన్నికయితే ఎవరివైపు మొగ్గుతారు? చాలామంది ఒక నిట్టూర్పు విడిచి ఏదో ఒక పేరు చెబుతారు. ఆ పేరు, "ఆయనకే, ఆయనకే" అన్న పేరు, మొత్తంలో ఒకే విలువతో కలుస్తాయి. ఆ నిట్టూర్పు నొక్కడానికి కీబోర్డు మీద మీట లేదు. ఆ ఆదివారం సాయంత్రం నేను వింటున్నది ఎక్కువగా నిట్టూర్పులే. ముఖ్యంగా నడివయసు ఆడవాళ్లవి. శనివారం రాత్రి ఆ రాష్ట్రంలోనే మాంచెస్టర్‌లో జరిగిన అభ్యర్థుల టీవీ చర్చ గురించి వాళ్లు అడక్కుండానే చెప్పేవాళ్లు. జనం మిమ్మల్ని అంతగా ఇష్టపడటం లేదు కదా అని క్లింటన్‌ని అడిగినప్పుడు ఒబామా పక్కనుంచి "మీరూ నచ్చేంతగానే ఉన్నారులే, హిల్లరీ" అన్న మాట వాళ్లకి ముల్లులా గుచ్చుకుంది. అవేవీ రాసుకోవడానికి స్క్రీన్ మీద చోటు లేదు.

ఆ ఆదివారమే దొరికింది ఒక నర్సు. శుక్రవారం నుంచీ ఆమె కోసం చేస్తున్నాను. రెండుసార్లు కొడుకు ఎత్తి, అమ్మ నైట్ డ్యూటీలో ఉందన్నాడు. ఒకసారి నిద్రపోతోందన్నాడు. నాలుగోసారి ఆమే ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు. "నీకు నేనే ఎందుకు కావాలి? వాడు చెప్పొచ్చు కదా" అంది. మీ ఇంట్లో ఈసారి వంతు మీదండీ అన్నాను. నవ్వి, గిన్నెలు పక్కన పెట్టినట్టుంది, చప్పుడు ఆగిపోయింది. క్లింటన్‌కి అని తడుముకోకుండా చెప్పింది. ఆ సాయంత్రం నాకు దొరికిన వాళ్లలో ఒబామా పేరు చెప్పినవాళ్లే ఎక్కువ. ఆమెలాంటివాళ్లు, అంటే రెండోసారికో నాలుగోసారికో దొరికినవాళ్లు, వేరేగా చెబుతున్నారనిపించింది. అనిపించడం వేరు, లెక్క వేరు. నేను పార్ట్‌టైమ్ పిల్లని, ఎవరికీ చెప్పలేదు.

రాత్రి తొమ్మిదికి మా సర్వే ఆపేశారు. పొద్దున్నే ఫలితం బయటికి వెళ్లాలి. నా స్క్రీన్ మీద "మళ్లీ చేయాలి" అన్న నంబర్ల వరస ఇంకా మిగిలే ఉంది. గదిలో అందరి స్క్రీన్ల మీదా ఉంది. సూపర్‌వైజర్ని అడిగాను, రేపు ఒక్క పూట చేస్తే అని. టైమ్ లేదన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. అయోవాకీ ఇక్కడికీ మధ్య ఉన్నవే అయిదు రోజులు.

సోమవారం పోర్ట్స్‌మత్‌లో ఒక కాఫీ షాపులో ఓటర్లతో మాట్లాడుతూ క్లింటన్ గొంతు జీరబోయింది, కళ్లు చెమర్చాయి. ఆ దృశ్యం టీవీల్లో రోజంతా తిరిగింది. మా ఫోన్లు మాత్రం హెడ్‌సెట్లు పైన పెట్టి పడుకున్నాయి.

మంగళవారం. డిక్స్‌విల్ నాచ్ అనే బుల్లి ఊళ్లో ఆనవాయితీ ప్రకారం అర్ధరాత్రే ఓట్లేసి లెక్కపెట్టేశారు. ఒబామాకి 7, క్లింటన్‌కి సున్నా. బయటికొచ్చిన సర్వేలన్నిటి సగటు తీస్తే ఒబామా ఎనిమిది పాయింట్లు ముందు, కొన్నిటిలో పదమూడు. రాత్రి మా గదిలో టీవీ పెట్టుకుని అందరం కూర్చున్నాం. పదిన్నర ప్రాంతంలో క్లింటన్ గెలిచినట్టు ప్రకటించారు. 39 శాతం, ఒబామాకి 36.5. ఎవరూ మాట్లాడలేదు. డెమోక్రాట్ల ప్రైమరీలో ఓటేసినవాళ్లలో 57 శాతం ఆడవాళ్లు, వాళ్లలో క్లింటన్‌కి 46 శాతం, ఒబామాకి 34 అని టీవీలో ఎగ్జిట్ పోల్ లెక్కలు వస్తుంటే నాకు ఆ నిట్టూర్పులు గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. విచిత్రమేమిటంటే, అదే గదిలో అవే ఫోన్లతో అడిగిన రిపబ్లికన్ల వైపు లెక్క సరిగ్గానే తేలింది. మెకెయిన్ గెలుస్తారన్నాం, గెలిచారు.

తర్వాత పత్రికల్లో రకరకాల వివరణలు. తెల్లవాళ్లు ఫోన్‌లో నల్లజాతి అభ్యర్థికి ఓటేస్తామని అబద్ధం చెప్పారని కొందరు రాశారు. నాకు అది అప్పుడే నచ్చలేదు. నాతో మాట్లాడిన ఆ గొంతుల్లో అబద్ధం లేదు. అమెరికాలోని ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం మైకేల్ ట్రౌగాట్ అనే ప్రొఫెసర్ అధ్యక్షతన కమిటీ వేసింది. సర్వే సంస్థల్లో కొన్ని వివరాలివ్వడానికి చాలా నెలలు తాత్సారం చేశాయి, అందుకే నివేదిక 2009లో గానీ రాలేదు. అప్పటికి నా చదువు అయిపోయింది. అయినా మొత్తం చదివాను. జాతి గురించిన అబద్ధాలకి గట్టి ఆధారం వాళ్లకి దొరకలేదు. సర్వేలు ముందే ఆగిపోవడం వల్ల చివరి రోజుల్లో మనసు మార్చుకున్నవాళ్లు లెక్కలోకి రాలేదు. బ్యాలెట్ మీద 21 పేర్లుంటే క్లింటన్ పేరు దాదాపు పైన, ఒబామా పేరు దాదాపు అడుగున ఉండటం కూడా కొంత పని చేసి ఉండొచ్చు. ఫోన్‌లో మేం అంత శ్రద్ధగా పేర్ల వరస మార్చాం, అసలు బ్యాలెట్ మీద అందరికీ ఒకటే వరస.

ఆ పక్కనే ఇంకో కారణం రాసి ఉంది. ఒకటి రెండుసార్లు చేయగానే దొరికినవాళ్ల కన్నా, ఎక్కువసార్లు చేస్తే గానీ దొరకనివాళ్లు క్లింటన్ వైపు ఎక్కువ మొగ్గారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నర్సు ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగడం మళ్లీ వినపడింది.

అదే నన్ను ఈ రంగంలో ఉంచేసింది. ఇప్పుడు ప్రశ్నలు అడగను, రాస్తాను. ల్యాండ్‌లైన్లు పోయాయి, సెల్‌ఫోన్లు ఎవరూ ఎత్తరు. అమెరికాలోని సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేల్లో 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు, 2018కి 6 మందే. ఏ సర్వే చేతికొచ్చినా ఎవరు ముందున్నారన్నది తర్వాత చూస్తాను. ఎన్ని రోజులు అడిగారు, దొరకనివాళ్ల కోసం ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు ఆపేశారు, ఇవి మొదట వెతుకుతాను. చాలావాటిలో రాయరు. రాయాలని మీటింగుల్లో పోట్లాడుతూనే ఉంటాను.

నివేదిక చదివిన రాత్రే నాన్నకి ఫోన్ చేసి ఆ వాక్యం తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు ఊరుకున్నారు. తర్వాత అన్నారు, "మా దగ్గర అయిదింటికి టైమ్ అయిపోయేది కదమ్మా. అప్పుడే పొలాల్నుంచి కూలీలు వచ్చి నిలబడేవాళ్లు. నేను బయటికెళ్లి, క్యూలో ఆఖరి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టి ముందుకి స్లిప్పులు ఇచ్చుకుంటూ వచ్చేవాణ్ణి. స్లిప్పు చేతిలో ఉన్నవాళ్లందరూ వేసేదాకా తలుపు మూసేవాళ్లం కాదు. ఒక్కోసారి ఏడయ్యేది."

మీ గదిలో ఆ రాత్రి ఎంతమంది మిగిలారు అని అడిగారు. లెక్క రాసుకోలేదు నాన్నా అన్నాను.