పది రోజులు వేసి, పది రోజులు ఆపి

మా పిల్లోడికి ఇప్పుడు పదేళ్ళు. వాడి అయిదో ఏట మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి కొండకు నడిచి బయల్దేరాం. 3,550 మెట్లలో యాభై కూడా ఎక్కకముందే కూలబడ్డాడు. లేవడానికి ముందు బోర్లా తిరిగాడు, చేతులు నేలకు ఆనించాడు, తర్వాత మోకాళ్ళు, తొడలు పట్టుకుంటూ మెల్లగా పైకి లేచాడు. "ముసలోడి మాదిరి లేస్తాండాడే" అంది మా అత్త. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉండేవి. చూసినవాళ్ళంతా పహిల్వాన్ అవుతాడని మెచ్చుకునేవాళ్ళు. అది కండ కాదనీ, కండ పోయిన చోట కొవ్వు చేరిందనీ మాకేం తెలుసు.

మొదట చూపించిన చోట రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువగా ఉన్నాయని ఎనిమిది నెలలు లివర్ మందులిచ్చారు. అవి దెబ్బతిన్న కండరాల నుంచి కూడా వస్తాయి. కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే రక్తపరీక్ష ఒక్కటి చేసుంటే అప్పుడే తెలిసేది. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. చివరికి వేలూరులో చేయిస్తే, రెండు వందల లోపు ఉండాల్సిన సీపీకే 14 వేలు దాటింది. జీన్ పరీక్షలో డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ అని, కండరాలు రానురాను క్షీణించే జబ్బని తేలింది. కండరాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జీన్‌లో ఎక్సాన్లనే ముక్కలు 79 ఉంటాయి. మా వాడికి 45 నుంచి 50 దాకా లేవు.

స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పది రోజులు వేయాలి, పది రోజులు ఆపాలి. వంటింటి క్యాలెండర్ మీద వేసే రోజులకు ఎర్ర గీత, ఆపే రోజులకు నల్ల గీత గీసేదాన్ని. నల్ల గీతల రోజుల్లో వాడి కదలికలు కాస్త మందగించేవి. అది నా భ్రమేమో అనుకున్నా. రెండేళ్ళ తర్వాత డాక్టరు గారు "ఇకనుంచి రోజూ వేయండి" అన్నారు. ఎందుకని అడిగే ధైర్యం నాకప్పుడు లేదు.

జవాబు పోయిన నెల తిరుపతిలో దొరికింది. నరాల డాక్టర్ల సదస్సు జరుగుతోందని, చివరి గంట తల్లిదండ్రులకు కేటాయించారని తెలిసి చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కా. స్క్రీన్ మీద ఒక డాక్టరు ఈ సంగతే చూపించారు. 2004 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని నార్డెన్ అనే ఊళ్ళో, యూరోపియన్ న్యూరోమస్క్యులర్ సెంటర్ పిలిచిన సమావేశంలో డాక్టర్లు కూర్చుని ఈ పిల్లలకు స్టెరాయిడ్ ఎలా ఇవ్వాలో చర్చించారు. ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి నడుస్తోంది, ఏది మేలో ఎవరి దగ్గరా గట్టి రుజువు లేదు. తర్వాత అయిదు దేశాల్లో నాలుగు నుంచి ఏడేళ్ళ వయసు పిల్లలు 196 మందిని మూడు జట్లుగా చేసి మూడేళ్ళు చూశారు. ఎవరికి ఏ పద్ధతో డాక్టర్లకూ తెలియదు, కన్నవాళ్ళకూ తెలియదు. ఆపే రోజుల్లో కూడా మందు లేని మాత్ర ఇచ్చారు. ఫలితం 2022లో అచ్చయింది. పది రోజులు వేసి పది రోజులు ఆపినవాళ్ళ కంటే రోజూ వేసుకున్నవాళ్ళే మెరుగు.

దేన్ని కొలిచారో విన్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేల మీద నుంచి లేవడానికి పిల్లాడికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచారట. అలిపిరి మెట్ల దగ్గర మా అత్త కళ్ళతో చూసింది కూడా అదే కదా.

2004లో అయిదేళ్ళున్న పిల్లాడికి 2022 నాటికి ఇరవై మూడేళ్ళు. వాడికి ఈ జవాబు ఆలస్యంగా వచ్చింది, మా వాడికి ఎనిమిదో ఏటకల్లా అందింది. డాక్టర్ల మీటింగులంటే హోటల్ భోజనాలూ ఫొటోలూ అని మా బంధువుల్లో ఒకాయన అంటుంటారు. ఆయనకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను.

జీన్‌ను ఒళ్ళు చదివేటప్పుడు 51వ ఎక్సాన్‌ను దాటించే ఇంజెక్షన్ గురించి కూడా చెప్పారు. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. మా వాడి లోపానికి అది సరిపోతుంది కానీ ధర మాకు అందేది కాదు. దానివల్ల ఎంత మేలో ఇంకా తేలాలని ఆ డాక్టరే దాచకుండా చెప్పారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నేను ఊపిరి గురించి అడిగాను. నడిచే పిల్లలకు ఏడాదికోసారి, వీల్‌చైర్‌లోకి వచ్చాక ఆరు నెలలకోసారి ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలన్నారు. మేం ఒక్కసారి కూడా చేయించలేదు.

స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నా పక్కన పీలేరు నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుంది. మైకు తన దాకా రాగానే, "మనవడికి మొహం ఉబ్బిపోయిందని మాత్ర ఆపేసినా సామీ, నాలుగు దినాలైంది" అంది. హాలంతా నిశ్శబ్దమైంది. ఆ డాక్టరు స్టేజీ దిగి వచ్చి, ఆమె కుర్చీ ముందు గొంతుక్కూర్చుని తెలుగులో చెప్పారు. ఇన్నాళ్ళూ స్టెరాయిడ్ వేసుకున్న ఒళ్ళు తన సొంత హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తుందనీ, ఒక్కసారిగా ఆపితే జ్వరమో దెబ్బో తగిలినప్పుడు ప్రాణం మీదికి వస్తుందనీ, తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలనీ. పిల్లాడు ఎలా ఉన్నాడో అడిగి, సాయంత్రంలోగా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఆమె అక్కడినుంచే కొడుక్కు ఫోన్ చేసింది.

మొన్న ఆమెకు ఫోన్ చేశాను. పిల్లాడు బాగున్నాడట, మాత్ర మళ్ళీ వేస్తున్నారట. పెట్టేసే ముందు అడిగింది, "ఆ మీటింగు మళ్ళా ఎప్పుడు పెడతారమ్మా? ఈ తూరి నా కోడల్ని పిల్చుకొనొస్తా."