కొత్త వెర్షన్, రంగుల ప్లాట్

బుధవారం

భవనాల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో 2024 వెర్షన్ నుంచి 2025కి మారిన ఆఫీసులో మొదట వినబడే మాట దాదాపు ఇదే: "సార్, ప్లాన్ అంతా రంగుల్లో వస్తోంది. గోడకీ డైమెన్షన్‌కీ గీత ఒకే లావు." ఇవాళా అదే. స్క్రీన్ మీద డ్రాయింగ్ నిన్నటిలాగే ఉంది. పీడీఎఫ్ తీస్తే మాత్రం ఎర్ర గోడలు, పచ్చ తలుపులు, పసుపు గ్రిడ్ లైన్లు. షీట్లు సైటుకు వెళ్లాల్సిన తొందరలో డ్రాయింగ్ ఫైల్ లోపాలు సరిచేసే ఆడిట్, రికవర్ కమాండ్లు కొడుతూ కూర్చుంటారు. వాటితో ఒరిగేదేమీ లేదు, డ్రాయింగ్ బాగానే ఉంది.

మన దగ్గర చాలా ఆఫీసుల్లో లేయర్‌కు (గోడలు, తలుపులు విడివిడిగా ఉంచే పొరకు) లైన్‌వెయిట్, అంటే గీత లావు, ఇవ్వరు; రంగును బట్టే పెన్ను. ప్లాట్‌లో, అంటే ప్రింట్‌లో, ఏ రంగు ఏ లావులో రావాలన్నది సీటీబీ ఫైల్‌లో ఉంటుంది. ఆ ఫైల్ డ్రాయింగ్ లోపల ఉండదు. పేజ్ సెటప్‌లో (పేపర్, ప్లాటర్, స్కేల్ ఎంచుకునే చోట) ఉండేది దాని పేరు ఒక్కటే. ప్లాటర్ వివరాలున్న పీసీ3 ఫైల్ సంగతీ అంతే. ప్రతి వెర్షన్‌కూ విండోస్ యాప్‌డేటా ఫోల్డర్ లోపలి రోమింగ్‌లో సొంత ఫోల్డర్ ఉంటుంది: 2024ది ఆర్ 24.3, 2025ది ఆర్ 25.0. కొత్త వెర్షన్ తన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. పాత సెటింగులు మైగ్రేట్ చేయకపోతే అక్కడ ఫ్యాక్టరీ ఫైళ్లు తప్ప మనవేవీ ఉండవు.

సీటీబీ దొరకనప్పుడు పేజ్ సెటప్ డబ్బాలో దాని పేరు ముందు "మిస్సింగ్" అని పడుతుంది. ప్లాట్ మాత్రం ఆగదు. ప్రతి గీతా తన సొంత రంగులో, డిఫాల్ట్ లావులో, అంటే 0.25 మి.మీ.లో వచ్చేస్తుంది. కాలమ్‌కు 0.50, గోడకు 0.35, డైమెన్షన్‌కు 0.13 అని పెట్టుకున్నవన్నీ ఒక్కటైపోవడం అందుకే.

"మిస్సింగ్" అని పడితే ఇంకా నయం, కారణం కళ్లెదుటే ఉన్నట్టు. ఆ మాట కూడా రాని సందర్భం ఒకటుంది, రోజంతా తినేసేది అదే. ఎప్పుడో ఎవరో ఆఫీసు సీటీబీకి కొత్త పేరు పెట్టకుండా, ఫ్యాక్టరీ ఇచ్చిన ఆక్యాడ్ డాట్ సీటీబీనే తెరిచి అందులో పెన్నులు మార్చేసి ఉంటారు. కొత్త వెర్షన్‌లో అదే పేరుతో ఫ్యాక్టరీ ఫైల్ తాజాగా ఉంటుంది. పేరు దొరికింది కాబట్టి ఏ హెచ్చరికా రాదు, అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ప్లాట్ మాత్రం రంగుల్లో వస్తుంది. పేజ్ సెటప్‌లో సీటీబీ పేరు పక్కనున్న ఎడిట్ బటన్ నొక్కి, ఫామ్ వ్యూలో కలర్ 1 మీద నిలబడి చూడాలి. కలర్ దగ్గర "యూజ్ ఆబ్జెక్ట్ కలర్" అని, లైన్‌వెయిట్ దగ్గర "యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్" అని ఉంటే అది మన ఫైల్ కాదు, ఫ్యాక్టరీది. ఆఫీసు ఫైల్ అయితే అక్కడ బ్లాక్ అని, పక్కన లావు అంకె ఉండాలి.

తేల్చుకోవడానికి దగ్గరి దారి: అన్ని రంగులనూ నల్లగా తీసే మోనోక్రోమ్ సీటీబీ, డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ ప్లాటర్ ఎంచుకుని ఒకసారి ప్లాట్ కొట్టడం. ఈ రెండూ ప్రతి వెర్షన్‌తో వస్తాయి. నల్లగా వచ్చిందంటే తప్పు డ్రాయింగ్‌లో లేదు, బయట ఫైళ్లలో ఉంది. చెక్ ప్రింట్‌కు ఆ పీడీఎఫ్ పనికొస్తుంది కానీ అన్ని గీతలూ ఒకే లావులో ఉంటాయి, పర్మిషన్‌కు పెట్టే సెట్‌కు పనికిరాదు. మోనోక్రోమ్‌లో కూడా కొన్ని గీతలు రంగులోనే మిగిలితే అవి ట్రూ కలర్‌తో, అంటే నంబర్ రంగు కాకుండా ఆర్‌జీబీ విలువలతో ఇచ్చిన రంగుతో, గీసినవి. సీటీబీకి తెలిసినవి 1 నుంచి 255 దాకా నంబర్లున్న ఇండెక్స్ రంగులే, ట్రూ కలర్ మీద దాని మాట చెల్లదు. ఆ వస్తువులను ఇండెక్స్ రంగులోకి మార్చాల్సిందే.

ఇక ఫైళ్లు తెచ్చుకోవడం. యాప్‌డేటా దాచిన ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్‌లో వెతుక్కోనక్కర్లేదు. పాత వెర్షన్ తెరిచి కమాండ్ లైన్‌లో స్టైల్స్‌మేనేజర్ అని కొడితే సీటీబీల ఫోల్డర్, ప్లాటర్‌మేనేజర్ అని కొడితే పీసీ3ల ఫోల్డర్ నేరుగా తెరుచుకుంటాయి. కొత్త వెర్షన్‌లోనూ అవే కమాండ్లు. ఇందులోంచి అందులోకి కాపీ చేసి, పేజ్ సెటప్ డబ్బా మూసి మళ్లీ తెరిస్తే పేర్లు కనిపిస్తాయి. ఈ ఫోల్డర్లు విండోస్ లాగిన్‌కు ఒకటి చొప్పున ఉంటాయి. అదే మెషీన్‌లో ఒకరికి బాగా వచ్చి, ఇంకొకరికి రంగుల్లో వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఫైల్ కాపీ అయినా జాబితాలో కనిపించకపోతే ఆ డ్రాయింగ్ ఎస్‌టీబీ రకం కావచ్చు, అంటే రంగును బట్టి కాకుండా పేరు పెట్టిన స్టైల్‌ను బట్టి ప్లాట్ అయ్యేది. పీస్టైల్‌మోడ్ అని కొట్టి చూస్తే 1 అయితే సీటీబీ, 0 అయితే ఎస్‌టీబీ. ఒకదానికి రెండోది అసలు కనిపించదు. కొత్త ఇన్‌స్టాల్‌లో నేమ్డ్ ప్లాట్ స్టైల్స్ టెంప్లేట్‌తో ఫైల్ మొదలుపెట్టినవాళ్లకు ఈ చిక్కు వస్తుంది. కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్ దాన్ని మారుస్తుంది.

పీసీ3 దగ్గర ఇంకో మెలిక. అది దొరకకపోతే ప్లాటర్ పేరు "నన్" అయిపోతుంది, దాంతోపాటు పేపర్ సైజూ జారిపోతుంది. కాపీ చేశాక పేరు వచ్చినా కస్టమ్ సైజులు రాకపోవచ్చు, మార్జిన్లు మళ్లీ పెరిగి టైటిల్ బ్లాక్ అంచు తెగిపోవచ్చు. ఆ సైజులు, మార్జిన్లు పీసీ3లో కాదు, పీఎంపీ అనే మూడో ఫైల్‌లో ఉంటాయి. పీసీ3 అందరికీ గుర్తుంటుంది, ఈ పీఎంపీని ఎవరూ పట్టించుకోరు. ప్లాటర్ ఫోల్డర్ లోపలే పీఎంపీ ఫైల్స్ అని వేరే ఫోల్డర్ ఉంటుంది, దాన్నీ తేవాలి. తర్వాత పేజ్ సెటప్‌లో ప్లాటర్ పేరు పక్కనున్న ప్రాపర్టీస్‌లో డివైస్ అండ్ డాక్యుమెంట్ సెటింగ్స్ ట్యాబ్‌కు వెళ్లి, పీఎంపీ ఫైల్ నేమ్ దగ్గర అటాచ్ నొక్కి కొత్త చోటున్న ఫైల్‌ను తగిలించాలి. అంత వ్యవధి లేదంటే డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్‌లో "ఐఎస్ఓ ఫుల్ బ్లీడ్ ఏ1" తీసుకుంటే అంచు తెగదు.

పేపర్ జారినప్పుడల్లా స్కేల్ కూడా చూసుకోవాలి. మి.మీ.లు ఇంచీలుగా మారిపోతే 25.4 రెట్ల తేడా, అది ఎవరికైనా కనబడుతుంది. "ఫిట్ టు పేపర్" టిక్ పడితేనే ప్రమాదం: 1:100 కాస్తా 1:103 అవుతుంది, చూపుకు ఆనదు, సైటులో స్కేలు పెట్టి కొలిచే మేస్త్రీ చేతిలో బయటపడుతుంది. మీటర్లలో గీసే సర్వే డ్రాయింగ్ అయితే 1:100కు 10 మి.మీ. = 1 యూనిట్ అని ఇవ్వాలి. ప్రింట్ తీశాక 5 మీటర్ల గోడ మీద స్కేలు పెడితే సరిగ్గా 50 మి.మీ. రావాలి. రాకపోతే ముందు పీడీఎఫ్ రీడర్‌లో "యాక్చువల్ సైజ్" ఉందో లేదో చూడాలి, సగం సార్లు తప్పు అక్కడే.

పబ్లిష్ కమాండ్‌తో షీట్లన్నీ ఒకేసారి ప్లాట్‌కు పంపితే కొన్ని చప్పుడు లేకుండా ఎగిరిపోతుంటే బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ విలువ 0 చేయాలి. డిఫాల్ట్ 2, అంటే పబ్లిష్ వెనకాల నడుస్తుంది. 0 చేస్తే అది పూర్తయ్యేదాకా ఆటోక్యాడ్‌లో ఇంకో పని చేయలేం కానీ ఏ షీట్ దగ్గర ఆగిందో తెలుస్తుంది.

టైటిల్ బ్లాక్‌లో గ్రామం, మండలం పేర్లు పాత నాన్-యూనికోడ్ తెలుగు ఫాంట్‌లో ఉంటే, కొత్త మెషీన్‌లో ఆ ఫాంట్ లేనప్పుడు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. దానికి ప్లాట్ సెటింగులతో సంబంధం లేదు, ఫాంట్ ఎక్కించాలి. గౌతమి వాడినవాళ్లు విండోస్ ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ పెట్టుకోవాలి.

ఆటోక్యాడ్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే రీసెట్ టు డిఫాల్ట్ మాత్రం మొదటే నొక్కకూడదు. మనం తెచ్చుకోవాల్సిన సెటింగులు కూడా దాంతోనే పోతాయి. తప్పదనుకుంటే బ్యాకప్ తీసే ఆప్షన్‌తోనే చేయాలి. పాత వెర్షన్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం కూడా ఈ మూడు రకాల ఫైళ్లూ బయటికి కాపీ అయ్యాకే.

వచ్చే ఏడాది మళ్లీ ఇదే తంతు వద్దనుకుంటే సీటీబీ, పీసీ3, పీఎంపీలను సర్వర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్ కింద ప్రింటర్ సపోర్ట్ ఫైల్ పాత్‌లో ఆ దారి ఇవ్వాలి. సీటీబీకి ఆఫీసు పేరే పెట్టాలి, ఫ్యాక్టరీ పేరు వద్దు. ఆ ఫోల్డర్‌ను ఒకరిద్దరికి తప్ప మిగతావాళ్లకు రీడ్ ఓన్లీ చేయాలి, లేకపోతే ఒకరు తన షీట్ కోసం కలర్ 3 (పచ్చ) లావు మార్చితే ఆ సాయంత్రం ఆఫీసులో అందరి తలుపులూ లావెక్కుతాయి.