ఆఖరి పావంగుళం

పదకొండు దాటింది. వరండాలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. చిన్నోడి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టులో పాత 350 సి.సి. ఇంజన్ దించి, 500 సి.సి.ది ఎక్కిస్తున్నాం. 500 ఇంజన్ ఫ్రేములో కూర్చుంది. ముందువైపు కింది పొడుగు బోల్టు ఒక్కటే ఆఖరి పావంగుళం దగ్గర ఆగిపోయింది. వాడు సుత్తి పట్టుకొచ్చి, "అన్నా, రెండు దెబ్బలేస్తే అదే దిగుతుంది" అన్నాడు. అప్పట్నించీ నాకు మనసు మనసులో లేదు.

పాత బుల్లెట్టు ఫ్రేముకి ఇంజన్ కింద గొట్టం ఉండదు. ముందు గొట్టం దిగొచ్చి క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె) దగ్గర ఆగిపోతుంది, వెనక ఫ్రేము గేర్‌బాక్సు ప్లేట్ల దగ్గర అందుకుంటుంది. మధ్యలో ఫ్రేము చేయాల్సిన పని ఇంజనే చేస్తుంది. ఇంజన్ దించేసి బండిని అలాగే వదిలేస్తే ఆ రెండు కొసలూ ఎడమవుతాయి. ఒక్క మిల్లీమీటరు జరిగినా చాలు, రంధ్రాలు ఎదురెదురు రావు. అప్పుడు సుత్తితో కొడితే బోల్టు మర పోతుంది, అది చిన్న నష్టం. అల్యూమినియం క్రాంక్‌కేసు చెవి (బోల్టు దూరే చోటు) పగిలిందంటే వెల్డింగు పెట్టించి మళ్ళీ రంధ్రం వేయించాలి. ఆ వేడికి కేసు రెండు సగాలూ కలిసే ముఖం వంగితే ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిలు కారుతూనే ఉంటుంది. బోల్టు దిగకపోతే ఎందుకు దిగట్లేదో చూడాలిగానీ కొట్టడమేంటి? ప్రతి షెడ్డులోనూ ఇదే తొందర!

నట్లన్నీ లూజు చేసి ఉంచాలి, ఒక్కటి కూడా బిగించి ఉండకూడదు. ముందు గొట్టం కొస కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్కముక్క ఉంచి, కొంచెం కొంచెంగా లేపాలి. మొన సన్నగా ఉన్న స్క్రూడ్రైవరు రంధ్రంలో దూరిస్తే ఎటు తేడా ఉందో తెలుస్తుంది. సరిగ్గా కుదిరినప్పుడు బోల్టు చేత్తో తోస్తేనే దిగుతుంది. అన్నీ దిగాకే బిగింపు: ముందు ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉన్న నాలుగు నట్లు, తర్వాత వెనక ప్లేట్లు, తర్వాత ముందువి, చివర్లో హెడ్డుని పట్టి ఉంచే పై పట్టీ.

గుంటూరులో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. కొత్తగా ఎక్కించిన ఇంజన్‌ని ఎవరు కిక్కు కొట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఫిల్టరు గది నిండా ముందే ఆయిలు పోసేవాడు. ప్లగ్గు తీసేసి, హెడ్డు మీద రాకర్లకి (వాల్వుల్ని నొక్కే చేతులకి) ఆయిలు వెళ్ళే బోల్టు కాస్త లూజు చేసి, నెమ్మదిగా కిక్కు తొక్కుతూ ఉండేవాడు. ఆ బోల్టు పక్కన ఆయిలు ఊరితేనే ప్లగ్గు బిగించేవాడు. పంపు ఆయిలు ఎత్తకుండా స్టార్టు చేస్తే బిగ్ ఎండ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్డు కింది బేరింగు) పట్టేస్తుంది. పుష్ రాడ్ల (రాకర్లని కిందనుంచి తోసే కడ్డీల) దగ్గరా అదే ఓపిక. ఇంజన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైకొసన ఉండాలి, రాడ్డు వేళ్ళతో తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజితో (సన్నని కొలత రేకులతో) చూసేవాడు. కంటి అంచనాకి వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

350లో 500 ఎక్కించడమంత సుళువైన మార్పిడి ఇంకోటి లేదని ఇన్నాళ్ళూ వాదించేవాణ్ణి. రెంటి స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., బోరే (సిలిండరు లోపలి వ్యాసం) 70 నుంచి 84 అవుతుంది. ఫ్రేము అదే, ప్లేట్లు అవే. ఇప్పుడు రాస్తుంటే ఆ వాదన నిలవట్లేదు. ఎక్కడం సుళువే, మిగతాదే కష్టం. 24 మి.మీ. కార్బొరేటరు చాలదు, 28ది కావాలి. క్లచ్చుకి అదనపు ప్లేటు లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంది. గేర్‌బాక్సు స్ప్రాకెట్టు (గొలుసు తిప్పే పళ్ళ చక్రం) 16 పళ్ళదే ఉంచితే ఇంజన్ ఊరికే అరుస్తుంది, 17 గానీ 18 గానీ వేయాలి. అన్నిటికంటే ముఖ్యం ముందు బ్రేకు. పాత 350ది 6 అంగుళాల డ్రమ్ము. 500కి కంపెనీవాళ్ళే 7 అంగుళాలది, రెండు షూలూ లీడింగువి (చక్రం తిరిగే దిక్కుకే ఒరిగి గట్టిగా పట్టేవి) ఇచ్చారు. బ్రేకు మార్చకుండా ఆ ఇంజన్‌తో రోడ్డెక్కడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కాగితాల సంగతి ఇంకా పెద్దది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్.టి.ఓ.కి తెలిపి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. 350 తీసి ఇంకో 350 వేస్తే నంబరు ఒక్కటే మారుతుంది. 346 సి.సి. ఉన్నచోట 499 రాయమంటే ఎలా? తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట చూసేది ఆ నంబరే.

వాడి పాత 350 ఇంజన్ మూలన గోనెసంచి మీద ఉంది. ఇందాక పిస్టన్ తీసి కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని చూశాను. పక్కలకి కొద్దిగా కదులుతోంది, అది ఉండాల్సిందే. పైకీ కిందకీ మాత్రం ఆట లేదు. అంటే క్రాంకు విప్పాల్సిన పని లేదు, బోరు వేయిస్తే (అరిగిన సిలిండరు లోపల కోయించి వెడల్పు చేయిస్తే) సరిపోతుంది. కాకపోతే సిలిండరు ఒక్కటే పట్టుకెళ్ళి సైజు చెప్పి రాకూడదు. ఓవర్‌సైజు పిస్టన్ ముందు కొనాలి, అదే పిస్టన్‌ని కొలిచి దాని ప్రకారం బోరు వేయమనాలి. 500 దించేసి దీన్నే బాగుచేయిద్దామని పొద్దున్నే చిన్నోడితో చెప్పాలి, అలిగినా సరే.