నా నక్షత్రం పేలలేదు

రాత్రి నిద్ర సరిగా లేదు. అయినా మనసు తేలిగ్గా ఉంది. మూడు వారాలు తిప్పలు పడ్డాక ఒక్క రిపోర్టు తప్పు లేకుండా వెళ్లింది.

వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల కోసం 1911 నుంచీ అమెరికాలో ఏఏవీఎస్ఓ అనే సంస్థ ఉంది. ఖాతా తెరిచాను, అబ్జర్వర్ కోడ్ వచ్చింది. అందులో కష్టమేమీ లేదు. ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ అనే అద్దాల టెలిస్కోపు ముందే ఉంది. కష్టమల్లా డాబా తాళం దగ్గరే. విశాఖ సీతమ్మధారలోని మా అపార్టుమెంట్ సెక్రటరీగారికి అర్ధరాత్రి డాబా ఎక్కేవాడంటే దొంగో తాగుబోతో. తాళం కావాలంటే ముందు వాచ్‌మన్‌ని మంచి చేసుకోండి, సెక్రటరీని కాదు.

ఈ పని ఎందుకంటే, హబుల్ టెలిస్కోపులో 2009లో బిగించిన కాస్ అనే పరికరం అతినీలలోహిత కాంతిని కొలుస్తుంది. దాని డిటెక్టర్లు మరీ సున్నితం. డ్వార్ఫ్ నోవాలనే నక్షత్రాలేమో వారాల తరబడి మసగ్గా పడి ఉండి, ఒకటి రెండు రోజుల్లోనే వంద రెట్లు వెలిగిపోతాయి. దాన్నే పేలడం అంటున్నాను. ఆ సమయంలో హబుల్ అటు తిరిగితే డిటెక్టరుకే ముప్పు. అందుకని ముందు మనలాంటివాళ్లను చూసి చెప్పమంటారు. అమెరికాలో పట్టపగలయితే మనకు రాత్రి కదా, మన డాబాకీ విలువుంది.

సాధనకు యూ జెమినోరం అనే డ్వార్ఫ్ నోవాని ఎంచుకున్నాను. పునర్వసు జంటలోని పొలక్స్‌కి దక్షిణంగా ఉంటుంది. మామూలుగా పద్నాలుగో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) దగ్గర ఉంటుంది, పేలితే తొమ్మిదికి వస్తుంది. అంకె పెద్దదయితే వెలుగు తక్కువని ముందు గుర్తుపెట్టుకోండి. సంస్థ ఇచ్చే నక్షత్రాల చార్టులో ఒక నక్షత్రం పక్కన 98 అని ఉంటే 9.8 అని. మధ్యలో చుక్క పెడితే నక్షత్రమనుకుంటామని పెట్టరు.

రెండో రాత్రే ఐపీస్‌లో చార్టు చెప్పినచోట నక్షత్రం నిలబడి ఉంది. చేతులు వణికాయి. 9.2 అని రాసి పంపేశాను. ఊరుకున్నానా? అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బావగారికి ఫోన్ చేసి, 1874లో శుక్రుడు సూర్యుడి ముందునుంచి పోవడం అంకితం నరసింగరావుగారు చూసింది ఈ ఊళ్లోనే అని గొప్పలు కూడా చెప్పాను.

మర్నాడు విజయనగరం నుంచి మాస్టారి ఫోన్. ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు.

"ఏటి బాబూ, పేలిందని రాసేసినావు? రాత్రి నాకు కనబడనేదే."

"మాస్టారూ, నా కళ్లతో చూశాను."

"నీ చార్టు ఒకసారి పంపు."

పంపాను. రెండు నిమిషాల మౌనం.

"రివర్స్‌డ్ అని ఉన్నది ఎందుకు తీసినావు? నీ స్కోపుకి ఆ చార్టు పనికిరాదు. అద్దంలో మొహం చూసుకుని ఎడమ చెంప మీద మచ్చని కుడి చెంపకి రాసినావు."

డాబ్సోనియన్‌లో బొమ్మ మొత్తంగా తిరగబడి తలకిందులవుతుంది, అంతేగాని అద్దంలో ప్రతిబింబంలా మారదు. కాబట్టి మామూలు విజువల్ చార్టునే తిప్పి పట్టుకోవాలి. నేను వేరే నక్షత్రాన్ని పట్టుకుని దాని చుట్టూ ఉన్నవాటిని చార్టుకు సరిపెట్టేశాను. కనపడని త్రికోణాలు కూడా కనపడ్డాయి. పైగా టైము కూడా తప్పే. రాత్రి పది అని వేశాను, యూటీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైము) ప్రకారం 16:30 వేయాలి. "తెల్లారగట్ల చూడబోయింది ముందే రాసీసినావేటి?" అని నవ్వారు. ఎదురుగా ఉంటే నేల చీలిపోవాలని కోరుకునేవాణ్ణి.

రిపోర్టు తీసేశాను. గ్రూపులో తప్పని ఒప్పుకున్నాను. అప్పటినుంచి లిఫ్ట్‌లో ఎదురైతే చాలు సెక్రటరీగారు, "మీ చుక్క ఎలా ఉందండీ?" అంటున్నారు. తెలియనివాడి నవ్వు కన్నా మాస్టారి మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రాత్రి సముద్రపు తేమకి ఫైండర్ (గురి చూసే చిన్న టెలిస్కోపు) అద్దం మసకబారింది, పోర్టు వైపు ఆకాశమంతా నారింజ రంగు. సరైన చార్టుతో గంటసేపు వెతికాను. ఆ చోట ఏమీ లేదు. ఖాళీ. అక్కడ నాకు కనిపించిన అతి మసక పోలిక నక్షత్రం (వెలుగు పోల్చడానికి చార్టులో అంకె వేసినది) 12.1. "దానికన్నా మసక" అనే గుర్తు పెట్టి, టైము యూటీలోకి మార్చి పంపాను. పేలలేదని తెలియడమూ వాళ్లకు కావాల్సిందేనట, ఆ సంగతి మొదట్లోనే ఎవరైనా నాకు చెప్పి ఉంటే!

మాస్టారికి స్క్రీన్‌షాట్ పంపాను. "సరిగ్గా ఉంది" అని ఒక్క ముక్క వచ్చింది. తాళం వాచ్‌మన్‌కి ఇచ్చేసి కిందికొచ్చాను.