బోరు నీటిలో మలావి సరస్సు చేపలు

హైదరాబాదులో ఆఫ్రికన్ సిక్లిడ్లు అనే అక్వేరియం చేపలను పెంచాలనుకునే వారికి నేను మొదట చెప్పేది నీటి గురించే. కుళాయిల చుట్టూ తెల్లని పొర కట్టించి గీజర్లను పాడుచేసే బోరు నీటిని మన ఇళ్లలో ఎవరూ మెచ్చుకోరు. తాగడానికీ వంటకూ మంజీరా నీళ్లే కావాలంటారు. ఈ చేపల పుట్టినిల్లయిన మలావి సరస్సు నీరు మన బోరు నీరంత కఠినం కాకపోయినా క్షారగుణం కలిగినదే, అక్కడి పీహెచ్ సుమారు 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది. కఠిన జలానికి ఇవి సులభంగా అలవాటు పడతాయి కాబట్టి ఆర్‌ఓ నీరు వీటికి అవసరం లేదు, మంచిది కూడా కాదు. నేను బోరు నీటిలో కొంత మంజీరా నీటిని కలిపి, క్లోరిన్ విరుగుడు మందు వేసి వాడుతున్నాను. అయితే కొన్ని బోర్లలో నైట్రేటు ఎక్కువగా ఉంటుంది, అందువల్ల ముందుగా టెస్ట్ కిట్‌తో చూసుకోవడం తప్పనిసరి.

క్షారజలంతో వచ్చే ప్రమాదం ఒకటుంది. పీహెచ్ పెరిగే కొద్దీ వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది, నీరు వేడెక్కితే ఆ విషం ఇంకా పెరుగుతుంది. కనుక ఆ అమ్మోనియాను తొలగించే మేలుచేసే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టిన తరువాతే చేపలను తేవాలి. మే నెలలో నీటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపును రాత్రీపగలూ నడపాలి.

రంగు చూసి చేపను ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం. దుకాణంలో బంగారు చారలతో ముద్దుగా కనిపించే ఆరేటస్ జాతి పిల్ల పెరిగి మగదైతే, ముదురు రంగుకు మారి ట్యాంకు మొత్తాన్నీ తనదిగా చేసుకుంటుంది. రాళ్ల మధ్య జీవించే ఎంబునా జాతులలో ఎలక్ట్రిక్ యెల్లో శాంతమైనది, కొత్తవారికి అదే తగినది. నాలుగడుగుల ట్యాంకులో ఒక్కో జాతికి ఒక మగచేప, మూడు నాలుగు ఆడచేపలు ఉంటే మగదాని దాడి ఒక్కదానిపైనే పడదు. ఒకే తీరు చారలున్న జాతులను కలిపి పెంచితే సంకరం జరుగుతుంది, ఆ పిల్లలను శుద్ధజాతి పేరుతో ఎవరికీ ఇవ్వకూడదు.

ఇక రాళ్ల సంగతి. మన దక్కను గ్రానైటు నీటి గుణాన్ని దాదాపు మార్చదు. రాళ్లను ఇసుకపై కాకుండా అడుగున పరిచిన థర్మకోల్ షీటుపై నిలిపి, ఆ తరువాత ఇసుక పోయాలి. ఎందుకంటే ఈ చేపలు నిరంతరం ఇసుకను తవ్వుతాయి, కిందిది ఖాళీ అయితే రాతిగుట్ట కూలి అద్దం పగలవచ్చు. ఎంబునాలలో అధిక భాగం రాళ్లపై పెరిగే నాచును గీకి తింటాయి కనుక స్పైరులినా అనే నాచు ఉన్న మేత మంచిది. ఎర్రపురుగుల వంటి మాంసాహారం అతిగా పెడితే పొట్ట ఉబ్బే బ్లోట్ అనే జబ్బు వచ్చి, చేప చాలావరకు బతకదు.

ఇంత శ్రమకూ నన్ను నిలబెట్టేది వీటి సంతానపోషణ. ఆడచేప గుడ్లు పెట్టిన వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. మగచేప పొట్ట కింద తోకవైపున ఉండే రెక్కపై గుడ్ల వంటి మచ్చలు ఉంటాయి; ఆడచేప వాటిని గుడ్లనుకుని అందుకోబోయినప్పుడు, మగది వదిలే వీర్యంతో ఆడదాని నోట్లోనే గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. ఆ తరువాత సుమారు మూడు వారాలు తల్లి దాదాపు ఏమీ తినకుండా, దవడ ఉబ్బించుకుని రాళ్ల నీడలో దాగి ఉంటుంది. చివరి రోజుల్లో నేను దాన్ని వేరే తొట్టిలోకి మారుస్తాను. పిల్లలు బయటికి వచ్చాక కూడా తల్లిని వెంటనే పెద్ద ట్యాంకులో వదలను. కొన్ని రోజులు విడిగా మేపి ఒళ్లు కోలుకున్నాకే వదులుతాను, లేకపోతే నీరసించిన ఆడచేపను అక్కడి మగచేపలు వెంటాడి చంపేస్తాయి.