పార్సన్స్ ఎక్స్‌టెన్షన్ పాసయింది: డాలస్ కాప్ లెక్కలతో నా అనుభవం

నిన్న రాత్రి మోడరేటర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, డాలస్ కౌబాయ్స్ డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్ కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్ పాసయిందని. ఈపాటి దానికి ఇంత టెన్షన్ ఎందుకని మా ఇంట్లో అన్నారు. కానీ నాకు జరిగింది రాసేస్తే గానీ మనసు కుదుటపడదు, పైగా కొత్తగా ఇందులో దిగే మనవాళ్ళకి పనికొస్తుంది.

ముందు ఇదేంటో చెప్తాను. ఇది ఫాంటసీ లీగ్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని 32 టీములనీ 32 మంది పంచుకుని, అసలు కాంట్రాక్టులు, అసలు రూల్స్ పెట్టుకుని జనరల్ మేనేజర్ పని చేసే గ్రూపు. ఆటగాళ్ళ తరఫున ఏజెంట్లుగా వేరే సభ్యులు ఉంటారు. ప్రతి కాంట్రాక్టునీ మోడరేటర్ చూసి ఓకే చెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళకి 2025 మార్చి మొదట్లో టీము ఎలా ఉందో అలాగే చేతికిచ్చి, మార్చి 12 నాటికి కాప్ (జీతాల పరిమితి) లోపలికి తీసుకురా, నీకు కావలసినవాళ్ళని నిలబెట్టుకో అంటారు. అప్పటికి బయట ఏం జరిగిందో అంతవరకే లెక్క, ఆ తర్వాత జరిగింది ఎవరూ వాడుకోకూడదు. ఈ రూల్ గుర్తుంచుకోండి, కథంతా దీనిమీదే నడిచింది.

మా బావమరిది అందులో ఫిలడెల్ఫియా నడుపుతున్నాడు, వాడే నన్ను చేర్పించాడు. నాకు డాలస్ కౌబాయ్స్ వచ్చింది. మేముండేది ఫ్రిస్కోలో, కౌబాయ్స్ హెడ్డాఫీసు ‘ది స్టార్’ ఉన్న ఊళ్ళోనే, అంచేత వేరే టీము వచ్చి ఉంటే ఇంత పట్టించుకునేవాణ్ణి కాదేమో.

కాప్ అంటే ఒక్కో టీము ఆటగాళ్ళ జీతాలకి ఏడాదికి లెక్క చూపించగలిగిన గరిష్ఠ మొత్తం. 1994లో మొదలుపెట్టినప్పుడు 34.6 మిలియన్ డాలర్లు, 2025కి 279.2 మిలియన్లు, అంటే 27 కోట్ల 92 లక్షల డాలర్లు. ఓనరు ఎంత డబ్బున్నవాడైనా ఇది దాటడానికి వీల్లేదు. కిందటేడు మిగిలింది ఉంటే కలుపుకోవచ్చు. ఆఫ్ సీజన్‌లో కాప్ మీద ఎక్కువ లెక్క పడే 51 మందినే కూడతారు. మార్చి 12 న్యూయార్క్ టైం సాయంత్రం 4 గంటలకి అందరూ లోపల ఉండాలి. మన టెక్సాస్‌లో అది 3 గంటలు, టైం చూసుకోండి.

మొదటి పని తేలిగ్గా అయిపోయింది. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒక్కడి లెక్కే ఆ ఏడాది 89.9 మిలియన్లు, మొత్తం కాప్‌లో దాదాపు మూడో వంతు. నిజం కౌబాయ్స్ ఏం చేశారో నేనూ అదే చేశాను: అతని జీతంలో 45.75 మిలియన్లు బోనస్‌గా మార్చాను. బోనస్‌ని గరిష్ఠంగా అయిదేళ్ళకి పంచి లెక్క రాయొచ్చు కాబట్టి ఈ ఏడాది 9.15 మాత్రమే పడుతుంది, 36.6 మిలియన్లు ఖాళీ అవుతాయి. ఆటగాడికి డబ్బు తగ్గదు, ఇంకా ముందే చేతికొస్తుంది. రిసీవర్ సీడీ ల్యాంబ్‌కీ అలాగే చేస్తే ఇంకో 20 వచ్చాయి. చీటీని మొదటి నెలల్లోనే పాడుకోవడం లాంటిది ఇది, డబ్బు ఇవాళ వస్తుంది, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాలి. డిఫెన్సివ్ టాకిల్ ఒసా ఒడిగిజువాకి ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్ట్ అయిపోయినవాణ్ణి ఇంకో ఏడాది టీములోనే కట్టిపెట్టే పద్ధతి) వేస్తే ఆ ఒక్క ఏడాదికే 25 మిలియన్లకు పైన పడుతుంది, నాలుగేళ్ళకి 80 మిలియన్లకి ఒప్పించాను. అతని ఏజెంటుగా ఉన్నావిడ చాలా పద్ధతి గల మనిషి, కాగితం పంపగానే చదివి రెండు మార్పులు అడిగింది, అంతే.

ఇక పార్సన్స్.

2021 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీములు వరసగా ఎంచుకునేచోట, 12వ ఎంపిక. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం). 2025కి అయిదో ఏడాది ఆప్షన్ (మొదటి కాంట్రాక్ట్‌ని టీము ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కింద అతని జీతం సుమారు 24 మిలియన్లు, ఆ తర్వాత కాంట్రాక్ట్ లేదు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఇలాంటి ఆటగాడికి ఎక్స్‌టెన్షన్ ఇస్తే ఆ ఏడాది కాప్ మీద భారం పెరగదు, తగ్గుతుంది. నా కాగితంలో ఇలా రాశాను: 40 మిలియన్ల సైనింగ్ బోనస్, దాన్ని ఉన్న ఏడాదీ కొత్త నాలుగేళ్ళూ కలిపి అయిదేళ్ళకి పంచితే ఏడాదికి 8. 2025 జీతం అతని సర్వీసుకి ఉండే కనీసం, 1.17 మిలియన్లు. మొత్తం 9.17. అంటే 24 పడాల్సినచోట 9.17 పడుతుంది, దాదాపు 15 మిలియన్లు మిగిలి ఇంకో మంచి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. కొత్త నాలుగేళ్ళకి 168 మిలియన్లు, ఏడాదికి 42 చొప్పున. పార్సన్స్ లాంటి డిఫెన్స్ ఆటగాళ్ళే, మార్చి 5న మ్యాక్స్ క్రాస్బీ 35.5కి ఒప్పుకున్నాడు, 9న మైల్స్ గారెట్ 40కి. అప్పటికి క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాళ్ళలో గారెట్‌దే రికార్డు. నేను దానికి పైన 2 మిలియన్లు ఇస్తున్నాను, గ్యారంటీ కూడా గారెట్ కంటే ఎక్కువే రాశాను.

పార్సన్స్ ఏజెంటుగా ఉన్నాయన దాన్ని ప్రైవేటుగా తిప్పి పంపొచ్చు కదా. అందరూ ఉన్న వాయిస్ కాల్‌లో చదివాడు. అదీ మొత్తం కాదు, “42” అని ఒక్క అంకె చదివి నవ్వాడు. పార్సన్స్ మార్కెట్ 47 అన్నాడు. ఆ 47 ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. ఆగస్టు 28న నిజం కౌబాయ్స్ అతన్ని గ్రీన్ బే టీముకి ఇచ్చేశాక గ్రీన్ బే ఇచ్చిన కాంట్రాక్ట్, నాలుగేళ్ళకి 188 మిలియన్లు. మనం మార్చిలో ఉన్నాం, ఆగస్టు అంకె ఎలా అడుగుతారు అన్నాను. దానికి ఆయన జవాబు చెప్పలేదు. “ఈయనకి ఎక్సెల్ బాగా వచ్చినట్టుంది, ఫుట్‌బాల్ ఎప్పుడైనా చూశాడా?” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫోను స్పీకర్‌లో పెట్టుకుని వంటింటి టేబుల్ దగ్గర కూర్చున్నాను నేను, ఎదురుగా మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. పెన్సిల్ ఆపి నా మొహంకేసి చూసింది. ఏమీ అనలేదు, మళ్ళీ తల దించుకుని రాసుకుంది. ఆ మాట నేను పడటం ఒక ఎత్తు, నా కూతురు వినడం ఒక ఎత్తు. నేను అకౌంట్స్ పని చేస్తాను, అంకెలు నా బతుకుతెరువు, అది తప్పెలా అవుతుంది? కాప్ అన్నదే అంకెలు కదా. ఇక ఫుట్‌బాల్ సంగతంటారా, ఈ ఊరు వచ్చినప్పట్నుంచీ కౌబాయ్స్ ఆదివారం ఆట వదిలింది లేదు.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది మోడరేటర్. నా ఆఫర్ మీద ‘మరీ తక్కువ’ అని ఎర్ర ముద్ర వేసి అందరికీ కనిపించే బోర్డు మీద పెట్టాడు. ఆ ముద్ర పడితే ఆ ఆటగాడితో డెడ్‌లైన్ దాకా మాట్లాడటానికి లేదు. అంటే పార్సన్స్ పోయినట్టే. కారణం అడిగితే “ఏజెంట్ అలా భావించారు” అని ఒక లైను. రూల్ రాసినవాడే రూల్ చదవకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రాత్రి బావమరిదికి ఫోన్ చేశాను. “బావా, నువ్వు వాళ్ళతో మాటలు పెట్టుకోకు. నోటితో మాట్లాడితే వాళ్ళదే గెలుపు. కాగితం మీద పెట్టు” అన్నాడు. వయసులో చిన్నవాడైనా మంచి మాట చెప్పాడు.

కూర్చుని అప్పీలు రాశాను. 2023లో నిక్ బోసా 34, తర్వాత క్రాస్బీ 35.5, గారెట్ 40, తేదీలతో సహా. టి.జె. వాట్ 41కి సంతకం చేసింది జూలైలో, కాబట్టి అది కూడా మాకు వర్తించదని రాశాను. అప్పుడే గారెట్ టీము క్లీవ్‌లాండ్‌ని నడిపే అతను నాకు మెసేజ్ పెట్టాడు. నాకు అతను ఎవరో కూడా తెలియదు. గారెట్ కాంట్రాక్ట్‌ని ఇదే మోడరేటర్, అంతకు కొద్ది రోజుల ముందే, 40కి ఓకే చేశాడట. ఆ కాగితం కాపీ పంపాడు. పార్సన్స్‌కి ఆగస్టు ధర వర్తిస్తే గారెట్‌కీ వర్తించాలి కదా! అది జత చేసి బోర్డు మీదే పెట్టాను, ముద్ర బోర్డు మీద వేసినప్పుడు జవాబు కూడా అక్కడే ఉండాలి. మర్నాడు ముద్ర తీసేశారు. సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు, ఈ క్షణం వరకూ.

ఆ తర్వాత ఏజెంట్‌తో అంతా రాతలోనే. 45 అన్నాడు, నేను 43 అన్నాను. రెండు మూడు సార్లు అటూ ఇటూ అయ్యాక నాకు ఒకటి అర్థమయింది, ఆయనకి నిజంగా కావలసింది సగటు కాదు, 2027 జీతం. అది 2026 మార్చిలోనే పూర్తి గ్యారంటీ కావాలి, అంటే ఏడాది ముందే. అది ఇస్తే టీము 2026 తర్వాత అతన్ని వదిలించుకోవడం చాలా ఖరీదు. 26 ఏళ్ళు నిండని, ఏటా పన్నెండు శాక్‌లు తగ్గని ఆటగాణ్ణి ఎవరు వదిలించుకుంటారు? ఇచ్చేశాను. 43కి, అంటే 172 మిలియన్లకి సంతకం అయింది. 40 బోనస్, 1.17 జీతం, 9.17 లెక్క, నేను మొదట రాసినట్టే.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, గొప్పలనుకున్నా సరే. గ్రీన్ బే ఆగస్టులో అతనికి రాసిన కాంట్రాక్ట్ చూడండి: 44 బోనస్, 1.17 జీతం, 2025 లెక్క 9.97. నన్ను చూసి నవ్విన పద్ధతే అది. నిజం కౌబాయ్స్ మార్చిలో ఏజెంట్‌ని పక్కనపెట్టి ఓనరు జెర్రీ జోన్స్ నేరుగా ఆటగాడితో మాట్లాడారు, ఆ సంగతి ఆయనే బయటికి చెప్పారు. ఒప్పందం కాగితం మీదకి రాలేదు. 35.5 నుంచి 47 దాకా ధర ఆ ఆరు నెలల్లో ఎలా ఎక్కిందో పైన చూశారుగా. చేతికి వచ్చినవి డ్రాఫ్ట్‌లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు. ఒక అభిమానిగా నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. పెద్ద ఆటగాడి ధర ఎదురుచూస్తే తగ్గదు, కాప్ ఏటా పెరుగుతోంది, 2024లో 255.4 ఉన్నది ఏడాదిలో 279.2 అయింది. మార్చిలో చెయ్యగలిగింది మార్చిలోనే చెయ్యండి.

కొత్తవాళ్ళకి ఇంకో రెండు మాటలు. జూన్ 1 తర్వాత కటింగ్ అని మార్చిలోనే రాసి ఒక ఆటగాణ్ణి వదిలేస్తే, దానివల్ల కాప్‌లో మిగిలే డబ్బు జూన్ 2 దాకా చేతికి రాదు, దాన్ని నమ్ముకుని మార్చి డెడ్‌లైన్‌కి వెళ్ళకండి. బోనస్‌లు ముందుకు నెట్టేటప్పుడు డెన్వర్ టీము క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని వదిలించుకోవడానికి రెండేళ్ళలో మోసిన 85 మిలియన్ల డెడ్ మనీ (ఆటగాడు వెళ్ళిపోయినా కాప్‌లో పడే లెక్క) గుర్తుంచుకోండి. నా డాక్ లెక్క కూడా నన్ను 2026లో పట్టుకుంటుంది, తెలుసు. ఏజెంట్‌తో వాయిస్ కాల్ మాత్రం వద్దు, ఎంత పెద్దమనిషైనా సరే.

వచ్చే వారం జూలై దశ మొదలవుతుంది. మా టీములోని జేక్ ఫెర్గూసన్, డారన్ బ్లాండ్ ఇద్దరి కాగితాలూ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. బ్లాండ్ ఏజెంట్ మళ్ళీ ఆ పార్సన్స్ ఏజెంటే.