ముందు లైటు, తర్వాతే క్లామ్

అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో మా ఇంటికి వచ్చినవాళ్లు రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ముందు చేపల్నే చూస్తారు. కాసేపటికి అందరి చూపూ రాయి మీదున్న నీలం మాక్సిమా క్లామ్ దగ్గర ఆగిపోతుంది. ఆల్చిప్ప అంటే నమ్మరు. అప్పుడు లైటుకి చెయ్యి అడ్డం పెట్టి చూపిస్తాను. నీడ పడగానే చటుక్కున ముడుచుకుంటుంది. పెంకులోంచి బయటికి పరుచుకునే రంగుల కండ, అంటే మాంటిల్, అంచు పొడవునా దానికి చిన్న చిన్న కళ్లు వందల్లో ఉంటాయి మరి! కొనేటప్పుడు కూడా రంగు కంటే ముందు ఇదే చూడాలి. నీడకి కదలని క్లామ్, నోరు వెళ్లబెట్టుకుని ఉన్న క్లామ్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఆ మాంటిల్‌లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసే చక్కెరే క్లామ్‌కి ముఖ్యమైన తిండి. అందుకే క్లామ్ పెంచుతామని నన్ను ఎవరడిగినా ముందు లైటు సంగతే అడుగుతాను. మాక్సిమా, క్రోసియా రకాలకు గట్టి లైటు ఉండాల్సిందే. ఓ మాదిరి లైటుకి డెరాసా రకం నయం, కానీ అది అడుగున్నర దాటి పెరుగుతుంది, ట్యాంకు సరిపోవాలి. పెంకు పెరగడానికి క్లామ్ నీళ్లలోంచి కాల్షియం, ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు) రెండూ లాగేస్తుంది. నేను కాల్షియం 420 ppm, ఆల్కలినిటీ 8.5 dKH దగ్గర ఉంచుతాను. అంకె కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, రోజుకోలా మారకూడదు. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే నైట్రేట్‌ని సున్నాకి దించాలని టెన్షన్ పడకండి, క్లామ్‌కి అదీ కొంచెం కావాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది దాని దారాల దగ్గర. పెంకు కింద సందులోంచి సన్నని, గట్టి దారాలు వదిలి రాయిని పట్టుకుంటుంది. చోటు మార్చాలని పైకి లాగారా, ఆ దారాలు పుట్టే గ్రంథి చిరిగి చాలాసార్లు ప్రాణమే పోతుంది. మొదట్లోనే కింద ఓ చిన్న పలక రాయి పెడితే దాన్నే పట్టుకుంటుంది, తర్వాత రాయితో సహా జరుపుకోవచ్చు. తప్పదంటే పదునైన బ్లేడుతో రాయి అంచున దారాలు కోయాలి.

"బాబాయ్, హైదరాబాద్‌లో నేనూ పెంచుకోనా?" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. వద్దన్నాను. మన దేశంలో మాక్సిమా వన్యప్రాణి రక్షణ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లో ఉంది. చూడాలనుంటే లక్షద్వీప్ వెళ్లి, నీళ్లలో మొహం పెట్టి దాని ఇంట్లోనే చూడమన్నాను. ఇక్కడ కూడా నేను ఫారంలో పెంచినవే అడిగి కొంటాను.

కొత్త క్లామ్ తెచ్చాక రాత్రి లైట్లు ఆరిన తర్వాత టార్చి వేసి చూడండి. బియ్యపు గింజంత తెల్ల నత్తలు పగలు అడుగున దాక్కుని, రాత్రి పెంకు అంచుకి చేరి రసం పీలుస్తాయి. కనిపిస్తే క్లామ్‌ని రాయితో సహా బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో పెంకంతా రుద్ది, జిగురుగా అంటుకున్న గుడ్లు కూడా గీకేయాలి. ఆ తర్వాత కొన్నాళ్లు రాత్రిళ్లు చూస్తూనే ఉండాలి, మిగిలిన గుడ్లలోంచి మళ్లీ వస్తాయి.